ఆపరేషన్ అయినా అడగాల్సిన ప్రశ్న

పొత్తికడుపు నొప్పితో వచ్చిన ముప్పై ఏళ్ల ఆమెను "నెల తప్పిందా అమ్మా?" అని అడిగితే పశ్చిమ ప్రకాశంలోని మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు తరచూ వినపడే జవాబు ఒకటుంది: "లేదు సార్, నాకు పిల్లల ఆపరేషన్ అయిపోయిందిగా." దాంతో ఆ మాట అక్కడికి ఆగిపోతుంది. అడిగినవాళ్లకూ సందేహం తీరుతుంది, చెప్పినామెకూ సందేహం ఉండదు. గ్యాస్‌కు ఒక సూది, నొప్పికి ఒక సూది, నీరసానికి ఒక గ్లూకోజు సీసా. చాలాసార్లు దాంతో సరిపోతుంది కూడా. సరిపోని సందర్భం ఒకటుంది. అప్పుడు ఆమె పొట్టలో రక్తం నిండుతూ ఉంటుంది, ఆమె గర్భిణి అన్న ఊహ ఆమెతో సహా ఎవరికీ ఉండదు.

గర్భసంచిలో కాకుండా ఇంకెక్కడైనా నిలిచిన గర్భాన్ని వైద్యులు ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ అంటారు. జనం నోట అది "ట్యూబులో గర్భం". లెక్క ప్రకారం కూడా అది దాదాపు సరైన మాటే, ఇలాంటి గర్భాల్లో నూటికి 90కి పైగా ఫెలోపియన్ ట్యూబులోనే నిలుస్తాయి. మిగిలిన కొన్ని అండాశయంలో, గర్భసంచి మూతి దగ్గర, పాత సిజేరియన్ మచ్చలో, మరీ అరుదుగా పేగుల పక్కన పొట్టలో. మొత్తం గర్భాల్లో వీటి వాటా 1 నుంచి 2 శాతం. ఒక మండలంలో ఏటా వెయ్యి మంది నీళ్లు పోసుకుంటే పదీ ఇరవై మందికి ఎదురయ్యే ముప్పును అరుదైన జబ్బు అనలేం.

అండమూ వీర్యకణమూ కలిసేది ట్యూబు వెలుపలి వైపు సగంలో. అక్కడి నుంచి పిండం గర్భసంచికి చేరడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అది తనంతట తాను కదలలేదు. ట్యూబు లోపలి పొర మీది సన్నటి నూగు, ట్యూబు గోడ చిన్నచిన్న కదలికలు దాన్ని నెట్టుకుంటూ రావాలి. ఆ నూగు దెబ్బతిన్నచోట పిండం ఆగుతుంది, ఆగినచోటే పాతుకుంటుంది. గర్భసంచికున్న మందం గానీ సాగే గుణం గానీ ట్యూబుకు లేవు. మాయగా ఎదగాల్సిన కణాలు ఆ పల్చటి గోడను తొలుచుకుంటూ రక్తనాళాల్లోకి దిగుతాయి. ట్యూబు సన్నటి భాగంలో నిలిచిన గర్భం 6 నుంచి 8 వారాలకే పగలొచ్చు. వెడల్పు భాగంలో ఇంకొన్నాళ్లు ఆగుతుంది. గర్భసంచిని అంటుకున్న మూలలో నిలిచిందైతే 12 వారాలు దాటేదాకా చడీచప్పుడు లేకుండా ఉండి, పగిలినప్పుడు అన్నిటికన్నా ఎక్కువ రక్తం పోగొడుతుంది. వారాల లెక్క చివరి ముట్టు మొదటి రోజు నుంచి మొదలవుతుంది. అంటే ఆరు వారాలంటే నెల తప్పి రెండు వారాలే. చాలామందికి అప్పటికి వాంతులు కూడా మొదలుకావు.

నూగు ఎందుకు దెబ్బతింటుంది? ఎక్కువగా పాత ఇన్ఫెక్షన్ల వల్ల. క్లమీడియా, గనేరియా వంటివి గర్భసంచి మీదుగా ట్యూబులకు పాకి, మానిపోయాక కూడా లోపల మచ్చలు, అతుకులు మిగులుస్తాయి. క్లమీడియాతో వచ్చే చిక్కేమిటంటే చాలామందిలో అది లక్షణాలే చూపించదు. చూపించినా "తెల్లబట్ట అవుతోంది" అన్న మాట అత్తగారి ముందు, మగ డాక్టరు ముందు నోట రాదు. వచ్చినా "వేడి చేసింది" అని మజ్జిగతో తేలిపోతుంది. మన దేశంలో జననాంగాల క్షయ కూడా ట్యూబులను పాడుచేసే ముఖ్య కారణాల్లో ఒకటి. ఇంతకుముందు ఒకసారి ట్యూబులో గర్భం వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం సుమారు 10 శాతం. పొగతాగడం, 35 దాటిన వయసు, పిల్లల కోసం చేసే ఐవీఎఫ్, ట్యూబుల మీద జరిగిన ఏ ఆపరేషన్ అయినా ముప్పును పెంచుతాయి. కాపర్‌-టీ గురించి ఒక అపోహ ఉంది. అది ఎక్టోపిక్‌ను తెచ్చిపెట్టదు. అయితే అది ఉండగా గర్భం వచ్చిందంటే ఆ గర్భం ట్యూబులో ఉండే అవకాశం మామూలు కన్నా ఎక్కువ. ఇన్ని కారణాలు చెప్పుకున్నా, ట్యూబులో గర్భం వచ్చినవాళ్లలో సగం మందికి వీటిలో ఏ ఒక్కటీ ఉండదు. కారణాల పట్టీ చేతిలో పట్టుకుని "ఈమెకు రాదు" అని తేల్చడానికి వీల్లేదు.

మన రాష్ట్రంలో ఈ పట్టీలో ఒక్క కారణం మిగతావాటికన్నా పెద్దగా కనపడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద ఇది 38 శాతం. మగవాళ్ల వాసెక్టమీ ఒక శాతం కూడా లేదు. అదే సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల అమ్మాయిల్లో 29 శాతానికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని తేలింది. పశ్చిమ ప్రకాశం పల్లెల్లో ఈ లెక్కలకు అర్థం అందరికీ తెలిసిందే: పదిహేడుకో పద్దెనిమిదికో పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుతోనో ఆ వెనకనో ఆపరేషన్. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే ట్యూబులు కట్టేసినామెకు ముట్లు ఆగిపోవడానికి ఇంకా ఇరవై ఏళ్లకు పైగా ఉంటుంది. ఆ ఇరవై ఏళ్లూ ఆమె అండాశయాలు నెలనెలా పనిచేస్తూనే ఉంటాయి.

ట్యూబెక్టమీ నమ్మదగిన పద్ధతే. చేయించుకున్నవాళ్లలో ఎక్టోపిక్ వచ్చేవాళ్లు, ఏ పద్ధతీ వాడనివాళ్లలో వచ్చేవాళ్లకన్నా తక్కువే. కానీ అది విఫలమైనప్పుడు ఎలా విఫలమవుతుందన్నదే ఇక్కడ ముఖ్యం. కోసి కట్టిన కొసల్లో సన్నటి రంధ్రం తెరుచుకోవచ్చు, లేదా కొసలు పాక్షికంగా అతుక్కోవచ్చు. ఆ సందులో వీర్యకణం దూరుతుంది, దానికన్నా ఎన్నో రెట్లు పెద్దదైన పిండం దూరలేదు. అందుకే ఆపరేషన్ తరవాత వచ్చే గర్భాల్లో దాదాపు మూడోవంతు ట్యూబులోనే నిలుస్తాయి. అమెరికాలో పదివేల మందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన క్రెస్ట్ అధ్యయనం 1997లో చెప్పిన లెక్క ఇది: ఆపరేషన్ అయిన పదేళ్లలో వెయ్యి మందికి 7.3 ఎక్టోపిక్‌లు. పద్ధతిని బట్టి తేడా చాలా ఎక్కువ. ముప్పై ఏళ్లలోపు కరెంటుతో ట్యూబును కాల్చే బైపోలార్ పద్ధతిలో చేయించుకున్నవాళ్లలో వెయ్యికి 31.9, అదే వయసులో కాన్పు వెంటనే ట్యూబు ముక్క కోసి తీయించుకున్నవాళ్లలో వెయ్యికి 1.2. మన దగ్గర ఎక్కువగా జరిగేవి ముక్క కోసి కట్టే పద్ధతి, లాప్రోస్కోపుతో రింగు వేసే పద్ధతి. కాబట్టి ఆ 31.9ను తెచ్చి మన ఆడవాళ్లను భయపెట్టక్కర్లేదు. ఆ అధ్యయనంలో మనం పట్టుకోవలసింది ఇంకొకటి: ముప్పు మొదటి రెండు మూడేళ్లతో పోదు, పదో ఏడు దాకా అలాగే ఉంటుంది. "ఆపరేషన్ అయి ఎనిమిదేళ్లయింది, ఇప్పుడేం గర్భం" అనే మాట చెల్లదు. ఒక్కొక్క స్త్రీకి ముప్పు చిన్నదే. పదిమందిలో ఏడుగురు చేయించుకున్న చోట మాత్రం ఆ చిన్న ముప్పులన్నీ కలిసి వైద్యుడి ముందు నిజమైన మనిషిగా వచ్చి కూర్చుంటాయి.

ట్యూబెక్టమీకి ముందు ఆమె సంతకమో వేలిముద్రో పెట్టే అంగీకార పత్రంలో ఈ సంగతి రాసే ఉంటుంది. ఆపరేషన్ విఫలమయ్యే అవకాశం ఉందని, నెల తప్పితే రెండు వారాల్లోగా ఆసుపత్రికి వచ్చి చెప్పాలని. కాన్పు నొప్పుల మధ్యనో, క్యాంపు వరసలోనో పెట్టిన వేలిముద్ర కింద ఆ వాక్యం ఉందని ఎంతమందికి గుర్తుంటుంది? ఇంటికి పంపేటప్పుడు కుట్లు తడపొద్దని, బరువులెత్తొద్దని చెబుతారు. "ఇకమీదట ఎప్పుడైనా ముట్టు తప్పినా, తేడాగా వచ్చినా రెండు గీతల పరీక్ష చేసుకో" అని కూడా ఆ ఇంటి మాటల్లోనే ఒకరు చెప్పగలిగితే, నా లెక్కలో అది ఆ పత్రం కన్నా ఎక్కువ పని చేస్తుంది. విఫలమైన ఆపరేషన్‌కు పరిహారం కూడా ఉంది. రమాకాంత్ రాయ్ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తరవాత కేంద్రం మొదలుపెట్టిన ఏర్పాటు అది, ఇప్పుడు విఫలమైతే 60 వేల రూపాయలు. ట్యూబు పగిలి బతికి బయటపడినామె ఆ డబ్బుకు అర్హురాలు. ఆపరేషన్ సర్టిఫికెట్ దాచుకున్నవాళ్లు మాత్రం తక్కువ.

మందుల షాపులో దొరికే గర్భస్రావం కిట్ రెండో చిక్కు. మిఫెప్రిస్టోన్, మైసోప్రోస్టాల్ మాత్రలు కలిపి అమ్మే ఈ పెట్టెను నిజానికి అర్హత ఉన్న డాక్టరు చీటీ మీదే, తొమ్మిది వారాలలోపు, గర్భం గర్భసంచిలోనే ఉందని చూసుకుని వాడాలి. జరిగేది వేరు. భర్త షాపుకు పోయి "కిట్ ఇవ్వన్నా" అంటాడు, పెట్టె చేతికొస్తుంది. ఆ మాత్రలు గర్భసంచి లోపలి పొరను రాల్చి, గర్భసంచిని ముడుచుకునేలా చేస్తాయి. ట్యూబులోని పిండాన్ని తాకవు. ట్యూబులో గర్భం ఉన్నా గర్భసంచి పొర మందంగానే తయారై ఉంటుంది కాబట్టి మాత్రలకు రక్తస్రావం అవుతుంది, ముక్కలూ పడతాయి. "పోయింది" అనుకుని ఆమె మర్నాడే పలకల ఫ్యాక్టరీకో మిరప చేనుకో పనికి పోతుంది. తరవాతి వారంలో వచ్చే కడుపునొప్పి మాత్రల వల్లే అనుకుంటుంది. ఈ ఒక్క కారణానికే మాత్రలకు ముందు స్కాను తప్పనిసరి అంటారు వైద్యులు. గర్భం వద్దనుకోవడం మీద అభ్యంతరంతో కాదు.

లక్షణాలు పుస్తకంలో మూడే: నెల తప్పడం, కడుపునొప్పి, కొద్దికొద్దిగా ఎర్రబట్ట. మనిషిలో అవి ఈ వరసలో రావు. ముట్టు తప్పకపోవచ్చు, నాలుగు రోజులు ఆలస్యంగా, నల్లగా, కొంచెంగా వచ్చి ఆగిపోవచ్చు, దాన్ని ఆమె ముట్టు కిందే లెక్కేస్తుంది. నొప్పి ఒక పక్కన మొదలై పొట్టంతా పాకవచ్చు. కొందరికి దొడ్డికి పోవాలన్న ఒత్తిడి పదేపదే వస్తుంది, పోతే ఏమీ ఉండదు. పొట్ట అడుగున, గర్భసంచి వెనక గుంటలో చేరిన రక్తం చేసే పని అది. ఆ ప్రయత్నంలోనే బాత్రూములో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు ఎందరో. ఇంకో గుర్తు భుజం కొసన నొప్పి. పడుకున్నప్పుడు రక్తం పైకి పాకి డయాఫ్రాన్ని తాకితే, అక్కడి నరం నొప్పిని భుజానికి చేరవేస్తుంది. భుజం నొప్పి అని చెప్పినామెను పొట్ట గురించి అడగాలని తట్టడానికి ముందే ఈ సంగతి తెలిసి ఉండాలి.

బీపీని నమ్ముకోవడం కూడా ప్రమాదమే. యాభై కిలోల స్త్రీ ఒంట్లో రక్తం సుమారు మూడుంపావు లీటర్లు. వయసులో ఉన్న మనిషి అందులో నాలుగోవంతు దాకా పోయినా నాడి వేగం పెంచుకుని, కాళ్లూ చేతుల రక్తనాళాలు బిగించుకుని, పై బీపీని నిలబెట్టుకోగలదు. యంత్రం 110 చూపిస్తుంటుంది, అరచేతులు చల్లబడి చెమట పడుతుంటాయి, నాడి నిమిషానికి 120 కొడుతుంటుంది. ఆ నిలకడ తెగినప్పుడు ఒక్కసారిగా తెగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ వయసు స్త్రీలలో దాదాపు 59 శాతానికి రక్తహీనత ఉందని అదే సర్వే చెప్పింది. ఎనిమిది గ్రాముల హిమోగ్లోబిన్‌తో మొదలైనామెకు ఆ నిలకడ ఇంకా తక్కువ.

పరీక్షల్లో మొదటిది, అన్నిటికన్నా చవకైనది మూత్ర పరీక్ష. ఆశా కార్యకర్తల దగ్గర ఉచితంగా ఉండే నిశ్చయ్ కిట్ అదే, షాపులో కొన్నా వంద రూపాయలు కాదు. ట్యూబు పగిలిన స్త్రీలో అది నెగెటివ్ రావడం చాలా అరుదు. పది నుంచి యాభై ఏళ్ల మధ్య కడుపునొప్పితోనో కళ్లు తిరిగో వచ్చిన ప్రతి స్త్రీకీ, పెళ్లయిందా లేదా, ఆపరేషన్ అయిందా లేదా అని చూడకుండా ఈ పరీక్ష చేయాలన్నది అత్యవసర వైద్యంలో కుదురుకున్న నియమం. ఇక్కడ మొహమాటం అడ్డొస్తుంది. పెళ్లికాని అమ్మాయిని తల్లి ముందు, భర్త గల్ఫ్‌లో ఉన్నామెను అత్త ముందు ఆ ప్రశ్న అడగలేం. అడగనక్కర్లేదు. "కడుపునొప్పికి అందరికీ చేసే పరీక్షేనమ్మా" అని సీసా చేతికివ్వడం చాలు.

పాజిటివ్ అయితే స్కాను, వీలైతే యోని ద్వారా తీసే స్కాను. చూడాల్సింది ముందు గర్భసంచిలో పిండం సంచి ఉందా లేదా, తరవాత పక్కన గడ్డ, పొట్టలో నీరు. అయిదున్నర, ఆరు వారాలకు లోపలి గర్భం కనపడి తీరాలి. కనపడకపోతే అది మరీ చిన్నదై ఉండాలి, పోయిందై ఉండాలి, లేదా బయట ఉండాలి. అక్కడ రక్తంలో హెచ్‌సీజీ అనే గర్భ హార్మోను పరీక్ష పనికొస్తుంది. ఒక్కసారి చూసిన అంకె పెద్దగా ఏమీ చెప్పదు, 48 గంటల తేడాతో రెండుసార్లు చూడాలి. మామూలు గర్భంలో, మొదటి అంకె 1500లోపు ఉన్నప్పుడు, రెండు రోజుల్లో అది కనీసం 49 శాతం పెరగాలి. అంతకన్నా మందంగా పెరిగినా, పెరగకుండా నిలిచినా అనుమానం బలపడుతుంది. పెరిగినంత మాత్రాన బయట లేదని కూడా కాదు.

ఇక వైద్యం. బయట నిలిచిన గర్భాన్ని తీసి గర్భసంచిలో పెట్టడం కుదరదు. ఈ ఆశ మళ్లీమళ్లీ లేస్తుంది. 1994లో లండన్ సెయింట్ జార్జెస్ ఆసుపత్రి డాక్టర్ మాల్కం పియర్స్ అలా చేసి బిడ్డను పుట్టించానని ప్రసూతి వైద్య పత్రికలో రాశాడు. ఆ రోగి అసలు లేదని తేలి, మరుసటి ఏడు వైద్య రిజిస్టరు నుంచి అతని పేరు కొట్టేశారు. అమెరికాలో 2022 తరవాత గర్భస్రావ నిషేధాలు తెచ్చిన రాష్ట్రాల్లో ట్యూబులో గర్భానికి కూడా వైద్యం ఆలస్యమైందని స్త్రీలు ఫిర్యాదులు చేయాల్సి వచ్చింది. ఆ గందరగోళం మన చట్టంలో లేదు.

పగలని, చిన్నదైన ట్యూబు గర్భానికి మందు ఉంది, ఆ మందు వెనక ఒక తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, ఆ వెనకే దాన్ని అడ్డుకునే మందులనూ తయారుచేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. మొదట ఆ వర్గం మందులను పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడారు. వేగంగా విభజన చెందే కణాలు ఫోలిక్ ఆమ్లం లేక ఆగిపోతాయి. మాయ కణాలూ అలాంటివే కదా. 1982లో జపాన్ వైద్యులు దాన్ని ట్యూబు గర్భానికి వాడి చూశారు, 1990లలో ఒక్క సూదితో ముగించే పద్ధతి స్థిరపడింది. దీనివల్ల మన ఊళ్లలో ఒక జాగ్రత్త అవసరమవుతుంది. మెథోట్రెక్సేట్ తీసుకున్నామె, గర్భిణి అని తెలియగానే చేతికి వచ్చిన ఐరన్ ఫోలిక్ మాత్రలు మానేయాలి. అవి ఆ సూదికి విరుగుడుగా పనిచేస్తాయి. సుబ్బారావు బృందం చేసిన రెండు పనులూ ఒకే స్త్రీ ఒంట్లో కొట్టుకుంటాయి.

ఈ సూదికి నిబంధనలున్నాయి. మనిషి నిలకడగా ఉండాలి, గడ్డ మూడున్నర సెంటీమీటర్లు దాటకూడదు, పిండానికి గుండె చప్పుడు ఉండకూడదు, హెచ్‌సీజీ 5000లోపు ఉండాలి, ఎంత తక్కువైతే అంత మేలు. నాలుగో రోజుకు, ఏడో రోజుకు మధ్య హెచ్‌సీజీ కనీసం 15 శాతం తగ్గిందా అని చూడాలి, ఆ తరవాత సున్నాకు చేరేదాకా వారం వారం పరీక్ష. మధ్యలో ట్యూబు పగలనూ వచ్చు. అందుకే చివరి నిబంధన: పిలిస్తే రాగలిగిన దూరంలో ఉండాలి. అర్ధవీడు మండలం నల్లమల అంచున ఉన్న పల్లెవాసికి, పుల్లలచెరువు చెంచు గూడెం ఆమెకు, హైదరాబాదు భవనాల పనికి రేపో ఎల్లుండో బండెక్కాల్సినామెకు ఈ నిబంధన కుదరదు. హెచ్‌సీజీ 1200 ఉండి, ఒంగోలులో ఇల్లున్నామెకు సూదితో తీరిపోయే జబ్బు, అదే అంకెతో గిద్దలూరు అవతలి ఊరామెకు ఆపరేషన్ అవుతుంది. అలా నిర్ణయించే వైద్యుడు తప్పు చేయడం లేదు. మందుల చీటీలో దూరం కూడా ఒక అంకెగా చేరింది.

పగిలిన ట్యూబుకు ఒక్కటే మార్గం, ఆపరేషన్. లాప్రోస్కోపు ఉన్నచోట దానితో, మనిషి షాక్‌లో ఉంటే ఏది త్వరగా అయితే దానితో. "ముందు బీపీ పైకి రానీ, తరవాత చూద్దాం" అని గ్లూకోజు ఎక్కిస్తూ కూర్చుంటే ఎక్కించినదంతా పొట్టలోకే పోతుంది. రక్తం ఆపడమే చికిత్స. పొట్ట తెరిచిన సర్జను చేయి రక్తం గడ్డల మధ్యగా నేరుగా గర్భసంచిని వెతికి పట్టుకుని పైకి ఎత్తుతుంది, పగిలిన ట్యూబు కనపడుతుంది, రెండు క్లాంపులు పడతాయి, ధార ఆగుతుంది. కత్తి పెట్టినప్పటి నుంచి అక్కడికి కొద్ది నిమిషాలే. తరవాత ఆ ట్యూబును తీసేయడమే మామూలు. ట్యూబును కోసి గర్భాన్ని మాత్రమే తీసి, ట్యూబును మిగిలిస్తే మేలు కదా అని చాలాకాలం అనుకున్నారు. 2014లో లాన్సెట్‌లో వచ్చిన ఈసెప్ అధ్యయనం రెండో ట్యూబు బాగున్నవాళ్లలో ఈ రెండు పద్ధతుల మధ్య తరవాతి గర్భాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని చూపింది. ట్యూబును తీసిన తొలి విజయవంతమైన ఆపరేషన్ 1883లో బర్మింగ్‌హామ్‌లో లాసన్ టెయిట్ చేశాడు. అంటే ఈ చావును ఆపే పని తెలిసి నూట నలభై ఏళ్లు దాటింది.

దానికి కావలసినవి కోసే డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం. మూడూ ఒకే గంటలో ఒకే గదిలో ఉండాలి. పశ్చిమ ప్రకాశం కథంతా ఆ గంట గురించే. 1970లో జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు నుంచి విడిపోయి సముద్రం వైపున్న ఒంగోలుకు చేరాయి. మార్కాపురం నుంచి ఒంగోలు తొంభై కిలోమీటర్లకు పైనే, గిద్దలూరు నుంచి నూట నలభై దరిదాపు. గిద్దలూరు వాళ్లకు నల్లమల ఘాట్ దాటితే నంద్యాల అందులో సగం దూరం కూడా ఉండదు, అక్కడ 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. రిఫర్ చేసే చేతికి మాత్రం ముందు తట్టేది ఒంగోలు పెద్దాసుపత్రే. పొట్టలో రక్తం కారుతున్నామెకు జిల్లా సరిహద్దు ఏం పని? 108ని ఎక్కించేటప్పుడు అడగాల్సింది ఏది దగ్గర, అక్కడ ఇప్పుడు మత్తు డాక్టరు, రక్తం ఉన్నాయా అన్న రెండే. బండి కదలకముందే ఫోను పోతే, ఆమె బ్లడ్ గ్రూపు ముందే చెబితే, చేరేసరికి సీసా సిద్ధంగా ఉంటుంది. 2021 మే 31న శంకుస్థాపన జరిగిన 14 మెడికల్ కాలేజీల్లో మార్కాపురం ఒకటి. అది ప్రభుత్వమే నడపాలా, ప్రైవేటు భాగస్వామ్యంలో నడవాలా అన్న వాదన ఇంకా వినపడుతోంది. ట్యూబు పగిలినామె వైపు నుంచి చూస్తే ఆ వాదనలో అడగాల్సింది ఒకటే: రాత్రి రెండింటికి అక్కడ మత్తు డాక్టరు ఉంటాడా?

మన మాతృ సంరక్షణ అంతా కాన్పు చుట్టూ అల్లుకుంది. 2005 జననీ సురక్ష యోజన ఆసుపత్రి కాన్పుకు డబ్బిస్తుంది. నెలనెలా తొమ్మిదో తేదీన జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ శిబిరం నాలుగో నెల నుంచి మొదలయ్యేది. 12 వారాలలోపు పేరు నమోదైతే దాన్ని తొందరగా నమోదైనట్టే లెక్కేస్తారు. ట్యూబు గర్భం ఆ లోపే పగిలి, ముగిసిపోతుంది. ఆమె ఏ రిజిస్టరులోనూ గర్భిణి కాదు. 2018-20లో ఆంధ్రప్రదేశ్ మాతృ మరణాల నిష్పత్తి లక్ష సజీవ జననాలకు 45, దేశంలో మంచి స్థానాల్లో ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాతృ మరణాన్ని నిర్వచిస్తూ గర్భం ఎన్ని నెలలదైనా, ఎక్కడ నిలిచినా అని స్పష్టంగా రాసింది. పల్లెలో చనిపోయిన 15 నుంచి 49 ఏళ్ల ప్రతి స్త్రీ గురించి ఆశా కార్యకర్త చెప్పాలన్న నియమం కూడా ఉంది. అయినా పిల్లల ఆపరేషన్ అయిన ముప్పై రెండేళ్లామె కడుపునొప్పితో పోయిందంటే ఆ చావును గర్భంతో ముడిపెట్టేవాళ్లు ఉండాలి కదా.

ఇదే లెక్కలోకి కొత్తగా ఇంకొకటి వస్తోంది. 2019-21 సర్వే నాటికే రాష్ట్రంలో 42 శాతం కాన్పులు సిజేరియన్‌లే అయినప్పుడు, పాత కోత మచ్చలో నిలిచే గర్భాలు పెరగక తప్పదు. స్కానులో అది గర్భసంచిలోనే ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. సిజేరియన్ అయినామె తరవాతి గర్భంలో తొలి స్కాను చూసేవాళ్లకు ఆ సంగతి నోటితో చెప్పాలి.

బతికి ఇంటికొచ్చినామెకు రెండు మూడు పనులు మిగిలి ఉంటాయి. రక్తం గ్రూపు నెగెటివ్ అయితే యాంటీ-డి సూది వేశారో లేదో డిశ్చార్జి కాగితంలో చూసుకోవాలి. మెథోట్రెక్సేట్ తీసుకుంటే మూడు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. ఇంకోటి ఎవరూ రాయనిది. లండన్, బెల్జియం ఆసుపత్రుల్లో జరిగి 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం తొలి నెలల్లోనే గర్భం కోల్పోయినవాళ్లలో, ట్యూబు గర్భం వచ్చినవాళ్లతో సహా, నెల తరవాత 29 శాతంలో, తొమ్మిది నెలల తరవాత కూడా 18 శాతంలో తీవ్రమైన మానసిక గాయం లక్షణాలున్నాయి. మన దగ్గర ఆమెను చూడటానికి వచ్చేవాళ్లు గర్భం పోయిందని రారు, పెద్దాపరేషన్ అయిందని వస్తారు. పిల్లలు లేనామె అయితే "ఒక ట్యూబు తీసేశారంట" అన్న మాట ఆమెకన్నా ముందే మేనమామగారి ఊరికి చేరుతుంది. ఒక ట్యూబుతో పిల్లలు పుడతారు. ఒక పక్క అండాశయం విడిచిన అండాన్ని రెండో పక్క ట్యూబు అందుకోవడమూ ఉంది. ఆమెతోపాటు అత్తగారినీ భర్తనూ కూర్చోబెట్టి డాక్టరు ఈ మాట చెప్పాలి, ఆమె చెబితే ఆ ఇంట్లో నమ్మరు.

మళ్లీ నెల తప్పినప్పుడు ఆగకూడదు. రెండు గీతలు కనపడగానే, ఆరో వారం లోపలే గర్భం ఎక్కడ నిలిచిందో స్కానులో చూపించుకోవాలి. ఆ స్కాను మార్కాపురంలోనే తీస్తారు, దానికి ఒంగోలు బస్సు ఎక్కనక్కర్లేదు.